రాజీనామా ఇవ్వాలా, తీసెయ్యనివ్వాలా: రాయగడ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు రాసిందంతా నిదానంగా చదివాను. మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు నీ సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ అసిస్టెంటువి. కంపెనీ రోల్ మీదే ఉన్నావు. సర్వీసు నాలుగేళ్ల ఏడు నెలలు. బేసిక్, డీఏ కలిపి 15,600, అలవెన్సులతో 19,500. ఆడిట్‌లో బేరింగులు, వీ-బెల్టుల లెక్క తగ్గింది. స్టోర్ తాళాలు నీతో పాటు ఇంకో ఇద్దరి దగ్గర ఉంటాయి. హెచ్చార్ ఆయన పిలిచి, "నువ్వే రిజైన్ చేస్తే మంచి సర్టిఫికెట్ ఇచ్చి పంపుతాం. లేదంటే టెర్మినేట్ చేస్తాం, ఆ తర్వాత నీకు ఈ చుట్టుపక్కల ఎక్కడా పని దొరకదు. సోమవారం లోపల చెప్పు" అన్నాడు. పార్వతీపురంలో ఉన్న మీ నాన్నగారు పరువుగా బయటికి వచ్చెయ్యమంటున్నారు. స్నేహితులేమో "తీసెయ్యమను, కేసు వేద్దాం" అంటున్నారు. మరదలికి ఆరో నెల.

ముందు ఒక్కటి చెబుతాను. సోమవారం ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. రాజీనామా మీదే కాదు, "స్టాక్ తేడాకు నేను బాధ్యుణ్ణి" అన్న రెండు లైన్ల వివరణ మీద కూడా పెట్టకు. "ఆలోచించుకోవడానికి వారం రోజులు కావాలి, మీరు చెప్పిన విషయం దయచేసి రాతలో ఇవ్వండి" అని ఈరోజే ఒక మెయిల్ పంపు. కంపెనీ మెయిల్ ఐడీ నుంచి పంపితే దాని కాపీ నీ సొంత మెయిల్‌కి కూడా వచ్చేలా చూసుకో. రేపు నీ లాగిన్ ఆపేస్తే ఆ కాపీ ఒక్కటే నీకు మిగులుతుంది.

నేను ఈ ప్రాంతపు ఫ్యాక్టరీల్లోనే టైమాఫీసులోనూ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లోనూ పనిచేసి రిటైరయ్యాను. బల్లకి అవతలి పక్క కూర్చున్నవాడు ఏం ఆలోచిస్తాడో నాకు తెలుసు. ఆ అనుభవంతో చెబుతున్నాను: నిన్ను తీసెయ్యడం వాళ్లకి నిజంగా అంత సులువైతే పిలిచి అడిగేవాళ్లు కాదు. కవరు చేతిలో పెట్టి, గేటు దగ్గర ఐడీ కార్డు తీసుకునేవాళ్లు. అడుగుతున్నారంటే నీ సంతకం వాళ్లకి అవసరం. వాళ్లకి అవసరమైన వస్తువు నీ చేతిలో ఉన్నప్పుడు దాన్ని ఊరికే ఇచ్చెయ్యకూడదు. ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత. ఇస్తే ఏ తేదీతో, ఏం రాసి, బదులుగా ఏం తీసుకుని ఇవ్వాలన్నది ముందు తేల్చుకోవాలి.

ఆ సంతకం ఎందుకు అంత అవసరమో విను. కంపెనీ ఒక పర్మినెంట్ మనిషిని తప్పు మోపకుండా తీసెయ్యాలంటే అది రిట్రెంచ్‌మెంట్ కిందకి వస్తుంది. ఏడాది సర్వీసు నిండినవాడికి నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. పైగా పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం ఇవ్వాలి. చివర్లో ఆరు నెలలు దాటిన ముక్కను కూడా ఏడాదిగానే లెక్కేస్తారు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ సెక్షన్ చెప్పింది ఇదే. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ లెక్క మారలేదు. అదనంగా మరో 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికి ఇచ్చే నిధి) పేరుతో చేరింది. నీ సర్వీసు ఐదేళ్లుగా లెక్కకొస్తుంది. 15,600 మీదే చూసినా రోజుకి 520, పదిహేను రోజులకి 7,800, ఐదేళ్లకి 39,000. నోటీసు నెల 15,600 కలిపితే 54,600. నువ్వు రాజీనామా రాసిచ్చావంటే ఇందులో రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు, ఎందుకంటే తనంతట తాను మానేసినవాడు రిట్రెంచ్‌మెంట్ కిందకి రాడు.

రెండో దారి తప్పు మోపి డిస్మిస్ చెయ్యడం. దానికి ముందు ఛార్జిషీటు, అంటే నీ మీద ఆరోపణలు రాసిన కాగితం ఇవ్వాలి, నీ సమాధానం తీసుకోవాలి, ఎంక్వైరీ ఆఫీసర్ని పెట్టాలి, వాళ్ల సాక్షుల్ని నీ ఎదురుగా కూర్చోబెట్టాలి, నువ్వు ప్రశ్నించడానికి అవకాశమివ్వాలి, నీ సాక్షుల్ని రానివ్వాలి. ఈలోగా సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం నీ వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం జీవనభృతి ఇవ్వాలని స్టాండింగ్ ఆర్డర్ల (ఫ్యాక్టరీ సర్వీసు నియమాల) నిబంధన. ఇదంతా ఖర్చు, సమయం, తలనొప్పి. పైగా ఎంక్వైరీలో నువ్వు "తాళాలు ముగ్గురి దగ్గర ఉన్నాయి కదా, మిగతా ఇద్దర్ని ఎందుకు అడగలేదు?" అని ఒక్క ప్రశ్న వేస్తే, వాళ్ల సొంత స్టోర్స్ పద్ధతి ఎంత గందరగోళంగా ఉందో ఫైలుకెక్కుతుంది. పైఆఫీసుకి ఆ ఫైలు వెళ్లడం లోకల్ మేనేజరుకి ఇష్టముండదు.

అయితే నీ స్నేహితులు చెప్పినంత ధీమాగానూ ఉండకు. డొమెస్టిక్ ఎంక్వైరీలో, అంటే కంపెనీ లోపల జరిపే విచారణలో, క్రిమినల్ కోర్టులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చెయ్యాల్సిన పనిలేదు. "ఇలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువ" అని తేలితే చాలు. అందుకని ఇంట్లో తలుపేసుకుని నీతో నువ్వు నిజం మాట్లాడుకో. తగ్గిన సరుకు తాలూకు ఇష్యూ స్లిప్పుల మీద ఎవరి సంతకం ఉంది? ఇండెంట్ (సరుకు కావాలని రాసిచ్చే కాగితం) లేకుండా నోటిమాట మీద సరుకు ఇచ్చిన సందర్భాలున్నాయా? బ్రేక్‌డౌన్ అయినప్పుడు రాత్రి షిఫ్టు మెయింటెనెన్స్ వాళ్లు తీసుకెళ్లి, "రేపు స్లిప్ ఇస్తాం" అని ఇవ్వకపోవడం ప్రతి స్టోర్‌లో జరిగేదే. అలాంటివి ఉంటే ఆ తేదీలు, ఆ షిఫ్టు ఇన్‌ఛార్జి ఎవరో ఇప్పుడే ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకో. బిన్ కార్డుకీ (సరుకు అర దగ్గర చేత్తో రాసే లెక్క కార్డు) కంప్యూటర్ స్టాక్‌కీ తేడా ఉందని నువ్వు ఎప్పుడైనా పైవాళ్లకి మెయిలు గానీ వాట్సాప్ మెసేజి గానీ పెట్టి ఉంటే అది నీకు బంగారం లాంటి కాగితం, తీసి దాచుకో. కానీ కంపెనీ రికార్డుల ఫైళ్లకి ఫైళ్లు ఫొటోలు తీసి ఇంటికి తేవద్దు, అదే ఇంకో ఛార్జి అవుతుంది. ఎంక్వైరీ మొదలైతే ఫలానా రిజిస్టరు చూపించమని రాతపూర్వకంగా అడిగే హక్కు నీకుంటుంది.

అడగక తప్పని మాట ఒకటుంది, ఏమీ అనుకోకు. నిజంగానే నీ చేతుల మీదుగా సరుకు బయటికి వెళ్లి ఉంటే, దానికి గేట్ పాస్ మీదో కెమెరాలోనో ఆధారం ఉంటే, నా సలహా పూర్తిగా వేరు. అప్పుడు రాజీనామాయే దారి, అదీ త్వరగా. దొంగతనం రుజువై డిస్మిస్ అయితే బోనస్ అర్హత పోతుంది. నీతిబాహ్యమైన నేరం కిందకి వస్తుందని గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకి మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) కూడా మొత్తంగానో కొంతో ఆపెయ్యొచ్చు. దానికి క్రిమినల్ కోర్టులో శిక్ష పడాల్సిన అవసరం కూడా లేదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకోటి గుర్తుంచుకో: రాజీనామా తీసుకున్నారని పోలీసు కంప్లయింటు ఇవ్వకూడదనేమీ లేదు. "ఇక ఏ క్లెయిమూ లేదు, ఏ చర్యా తీసుకోం" అని వాళ్ల దగ్గర రాయించుకుంటే తప్ప ఆ భయం పూర్తిగా పోదు. నువ్వు తియ్యలేదని రాశావు, నేను నమ్ముతున్నాను. ఇకపై చెప్పేదంతా ఆ నమ్మకం మీదే.

ఇప్పుడు నీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది క్యాలెండరు. ఎవరూ నీకు ఇది చెప్పినట్టు లేదు. పర్మినెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. కొత్త కోడ్‌లో ఏడాదికే వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతున్నది ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలానికని ముందే రాసుకుని చేరినవాళ్ల గురించి, నీకు వర్తించదు. నెలకి 26 పనిదినాల లెక్కన 15,600ని 26తో భాగిస్తే 600, దాన్ని 15తో గుణిస్తే ఏడాదికి 9,000, ఐదేళ్లకి 45,000. నువ్వు ఈ సోమవారం రాజీనామా ఇచ్చి "ఈరోజు నుంచే రిలీవ్ చెయ్యండి" అన్నావంటే ఈ 45,000 పోయినట్టే. ఇంకో ఐదు నెలలు రోల్ మీద ఉంటే ఎవరూ కాదనలేని హక్కు.

మధ్యలో ఇంకో మెట్టు ఉంది. గ్రాట్యుటీ నిబంధన ఒక ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే దాన్ని నిరంతర సర్వీసు ఏడాదిగా చూస్తుంది. ఐదో ఏట 240 రోజులు నిండితే ఐదేళ్లు నిండినట్టేనని మద్రాసు హైకోర్టు ఒప్పుకుంది. నీకు ఐదో ఏడాదిలో ఏడు నెలలు అయ్యాయి, అంటే 210 రోజులకి కాస్త అటూ ఇటూ. ఒక నెల నోటీసు పీరియడ్ పనిచేసినా 240 దాటుతావు. కానీ చాలా కంపెనీలు ఈ లెక్క ఒప్పుకోవు, గ్రాట్యుటీ తగాదాలు తేల్చే అధికారి దగ్గరికి వెళ్లి వాదించాల్సి వస్తుంది. కాబట్టి బేరంలో ముందు ఐదేళ్లు నిండే తేదీ అడుగు. అది కుదరకపోతే 240 దాటే తేదీ అడిగి, గ్రాట్యుటీ ఇస్తామని రాతలో తీసుకో. అదీ ఇవ్వకపోతే అంత మొత్తం ఎక్స్‌గ్రేషియాగా (హక్కు కాకపోయినా కంపెనీ ఇష్టపూర్వకంగా ఇచ్చే డబ్బుగా) అడుగు. వీటిలో ఏదీ లేకుండా ఊరికే సంతకం అడిగితే, వద్దు.

మీ నాన్నగారి మాట దగ్గరికి వస్తాను. ఆయన పరువు గురించి అన్నారు. ఈ ప్రాంతంలో అది చిన్న విషయం కాదని నాకూ తెలుసు. జయకేపూర్, తెరువలి, టికిరి, అవతల దమన్‌జోడి, ఇటు బొబ్బిలి గ్రోత్ సెంటర్ దాకా స్టోర్స్ వాళ్లు, కాంట్రాక్టర్లు, బేరింగుల డీలర్లు అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. విజయనగరం వైపు ప్యాసింజరు ఎక్కితే బోగీలో ఇద్దరైనా పలకరిస్తారు. "ఫలానావాణ్ణి దొంగతనం చేశాడని తీసేశారట" అన్న మాట పార్వతీపురం చేరడానికి సాయంత్రం దాకా అక్కర్లేదు. ఆయన భయం అది. కానీ ఒకటి చూడు. స్టాక్ తేడా వచ్చిన వారంలోనే నువ్వు నోరు మూసుకుని రాజీనామా ఇచ్చి వెళ్లిపోతే జనం ఏమనుకుంటారు? "తప్పు చేశాడు కాబట్టే పోయాడు" అనే అనుకుంటారు. మిగిలిన ఇద్దరు తాళాలవాళ్లు కూడా అదే చెబుతారు, ఎందుకంటే అలా చెబితే వాళ్లు బయటపడతారు. అంటే రాజీనామా పరువు కాపాడుతుందన్నది నీ కేసులో సగం నిజమే. "ఆరోపణకి జవాబిచ్చాడు, నిరూపించలేకపోయారు, తర్వాత తనే మానేశాడు" అన్న క్రమంలో వెళ్తే పరువు నిలుస్తుంది. నాన్నగారికి ఇది ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పు. పెద్దవాళ్లు విషయం మొత్తం తెలిస్తే అర్థం చేసుకుంటారు.

కొత్త ఉద్యోగం సంగతి కూడా ఇందులోనే ఉంది. పెద్ద కంపెనీలు చేర్చుకునే ముందు పాత చోట వాకబు చేస్తాయి. ఎక్కువగా అడిగేది చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, ఎందుకు మానాడు, మళ్లీ తీసుకుంటారా అని. దరఖాస్తు ఫారంలో "ఎప్పుడైనా టెర్మినేట్ అయ్యారా?" అన్న గడి ఉంటే దాంట్లో అబద్ధం రాయకూడదు, తర్వాత అదొక్కటే చాలు ఆ ఉద్యోగం కూడా పోవడానికి. ఈ ఒక్క విషయంలో రాజీనామాకి నిజమైన విలువ ఉంది, నేను కాదనను. అందుకే నీకు నా సలహా "చచ్చినా రాజీనామా ఇవ్వకు" అని కాదు. పోరాడాలని ఉబలాటపడే స్నేహితులు మీ ఇంటి అద్దె కట్టరు. డిస్మిస్ అయ్యాక కేసు వేస్తే ఏళ్లు పడుతుంది. గెలిచినా తిరిగి పనిలోకి తీసుకోమనే బదులు ఇంత పరిహారం ఇవ్వమనే తీర్పులు ఇప్పుడు ఎక్కువ. రాయగడ వాళ్ల కేసులు జయపురం లేబర్ కోర్టుకి వెళ్లడం చూశాను. పొద్దున్నే బస్సెక్కి, ఘాట్ రోడ్డు దాటి వెళ్లి, వాయిదా పడిందని తెలుసుకుని రాత్రికి ఇల్లు చేరేవాళ్లు. అది అందరి వల్లా కాదు. పొట్టలో బిడ్డ ఉన్న ఇంట్లో ఇంకా కష్టం.

కాబట్టి నా లెక్క ఇది: నీకు వ్యతిరేకంగా గట్టి కాగితం లేనప్పుడు, ఐదేళ్లు నిండడానికి ఐదు నెలలే ఉన్నప్పుడు, ముందు గట్టిగా నిలబడు, తర్వాత మర్యాదగా బేరమాడు, బేరం కుదిరితే రాజీనామా ఇవ్వు. బేరం కుదరక వాళ్లు ఛార్జిషీటు ఇస్తే ఇవ్వనీ, జవాబు చెప్పు. ఛార్జిషీటు వచ్చినంత మాత్రాన ఉద్యోగం పోయినట్టు కాదు. ఎంక్వైరీ మధ్యలో కూడా రాజీనామా బేరం మళ్లీ మొదలవుతుంది, చాలాసార్లు మొదటిదానికంటే మంచి షరతులతో.

బేరం కుదిరి రాజీనామా రాసే రోజు వస్తే ఆ కాగితం ఎలా ఉండాలో చెబుతాను. మూడు లైన్లు చాలు. "నేను నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను, నా చివరి పనిదినం ఫలానా తేదీ, నాకు రావాల్సిన మొత్తాలు చెల్లించి రిలీవింగ్ లెటరు, సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వగలరు." స్టాక్ తేడా ప్రస్తావన ఒక్క అక్షరం ఉండకూడదు. క్షమాపణ ఉండకూడదు. "జీతంలో కోసుకోవచ్చు" అన్న ముక్క ఉండకూడదు. అంగీకారం కుదరకుండా ఒత్తిడి చేసి రాయిస్తుంటే "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న మాట అసలు రాయకు. రేపు బలవంతంగా తీసుకున్నారని నువ్వు చెప్పాలంటే నిరూపించే భారం నీ మీదే ఉంటుంది, నీ చేతిరాతే నీకు అడ్డం నిలబడుతుంది. మామూలుగా ఇంట్లో పనుల వల్ల మానేవాడికి ఆ మాట ఏ ఇబ్బందీ పెట్టదు. నీ పరిస్థితి వేరు.

మన తెలుగువాళ్లకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. పుట్టి పెరిగింది రాయగడ, గుణుపురం అయినా చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చినంతగా చదవడం రాదు. ఆఫీసులో ఒడియాలోనో ఇంగ్లీషులోనో కాగితం ముందు పెట్టి "ఇది మామూలు ఫార్మాలిటీ" అంటే సంతకం పెట్టేస్తారు. తర్వాత చూస్తే అందులో "నష్టానికి నాదే బాధ్యత, ఫుల్ అండ్ ఫైనల్‌గా (చివరి లెక్కగా) అంతా ముట్టింది" అని ఉంటుంది. చదవలేని కాగితం ఇస్తే కాపీ అడుగు, ఇంటికి తెచ్చి ఒడియా చదవగలిగిన నమ్మకస్తుడి చేత చదివించుకో. కాపీ ఇవ్వనన్నారంటే సంతకం పెట్టకూడని కాగితమన్నమాట. ఇక తెల్లకాగితం, ఖాళీ స్టాంపు పేపరు, తేదీ లేని లెటరు అయితే ఎవరు అడిగినా, ఎంత పెద్దాయన అడిగినా వద్దు. ఫుల్ అండ్ ఫైనల్ రసీదు మీద సంతకం పెట్టేటప్పుడు లెక్క తక్కువైతే సంతకం పక్కన "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని నీకు తెలిసిన భాషలోనే రాయి, తెలుగులో రాసినా చెల్లుతుంది.

ఇది చదివేవాళ్లలో ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లుంటే వాళ్లకో మాట. రాజీనామా ఫలానా తేదీ నుంచి అని ఉండి ఆ తేదీ ఇంకా రాకపోతే సాధారణంగా వెనక్కి తీసుకోవచ్చు. అలహాబాదు హైకోర్టు జడ్జి ఒకాయన ముందు తేదీ వేసి రాజీనామా పంపి, ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకుంటే, అది చెల్లుతుందని 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే సూత్రాన్ని తర్వాత ఉద్యోగుల కేసుల్లోనూ వాడారు. బెదిరించి రాయించుకుంటే మరునాడే "నా చేత ఒత్తిడి చేసి రాయించారు, ఉపసంహరించుకుంటున్నాను" అని మెయిలు, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపాలి, జిల్లా లేబర్ ఆఫీసరుకి కాపీ పెట్టాలి. మూడు నెలలు ఊరుకుని, ఇచ్చిన డబ్బు తీసుకుని, తర్వాత బలవంతం అంటే ఎవరూ నమ్మరు.

లేబర్ ఆఫీసు గురించి మనవాళ్లకి అనవసరమైన భయం ఉంది. యూనియన్ లేకపోయినా, ఉద్యోగం తీసేసిన ఒక్క మనిషి కూడా సొంతంగా వివాదం లేవనెత్తొచ్చు. రాయగడలోనే జిల్లా లేబర్ ఆఫీసర్ ఉంటాడు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆయన రెండు వైపులా పిలిచి రాజీ ప్రయత్నం చేస్తాడు, కుదరకపోతే విషయం ట్రిబ్యునల్‌కి వెళ్తుంది. పాత చట్టంలో మూడేళ్ల గడువు ఉండేది, కొత్త కోడ్‌లో రెండేళ్లకి తగ్గింది, అది దాటనివ్వకూడదు. "నీది ఆఫీసర్ గ్రేడు, లేబర్ చట్టాలు వర్తించవు" అని ఎవరైనా అంటే బెదరకు. విజిటింగ్ కార్డు మీద ఏముందన్నది కాదు, నువ్వు రోజూ చేసే పని ఏంటన్నదే చూస్తారు. స్టోర్స్‌లో రాతకోతల పని చేసేవాడు కార్మికుడే. సూపర్‌వైజర్ పని చేసేవాళ్లకి మాత్రం జీతం పరిమితి ఉంది, ఇప్పుడది 18,000.

కాంట్రాక్టరు కింద ఉన్న కుర్రాళ్లు ఇదే ప్రశ్న అడుగుతుంటారు. వాళ్లకి యజమాని కాంట్రాక్టరు. జీతం బకాయి కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టాలి, కానీ ఉద్యోగం తీసేసిన తగాదా కాంట్రాక్టరు మీదే మొదలవుతుంది. వాళ్ల సంగతి వేరే రాయాల్సినంత ఉంది.

పీఎఫ్ గురించి కంగారు పడకు. రాజీనామా అయినా డిస్మిస్ అయినా నీ పీఎఫ్‌ని, కంపెనీ వేసిన వాటాతో సహా, ఎవరూ ఆపలేరు. మానిన తేదీ వాళ్లు వెయ్యకపోతే, చివరి చందా పడి రెండు నెలలు గడిచాక నీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పోర్టల్‌లో నువ్వే వేసుకోవచ్చు. డబ్బుకి మరీ ప్రాణం మీదికి వస్తే తప్ప తియ్యకు, కొత్త చోటికి బదిలీ చేసుకో. పెన్షన్‌కి పదేళ్లు కావాలి, నీకు అందులో సగం దాకా వచ్చేసింది. జీతం బకాయిల విషయంలో కొత్త వేతన కోడ్ ప్రకారం మానినా తీసేసినా రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి ముప్ఫై రోజులు, దాటితే వడ్డీ.

మరదలి విషయానికి వస్తే, నీ జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐలో, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్నావు. ఉద్యోగం పోయిన మరునాడే ఈఎస్ఐ వైద్యం ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకి తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు సౌకర్యం ఉంటుంది, ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులు చందా పడి ఉండాలి. మరదలి కాన్పు తేదీ ఏ పీరియడ్‌లో పడుతుందో వేలి మీద లెక్కపెట్టుకో. చివరి పనిదినం బేరమాడేటప్పుడు దీన్ని కూడా మనసులో పెట్టుకో, బయటికి చెప్పక్కర్లేదు. ఈ వారంలోనే ఆమె పేరు, ఆధార్ నీ ఈఎస్ఐ రికార్డులో ఎక్కాయో లేదో చూసుకో, చాలామంది పెళ్లయ్యాక చేర్పించడం మర్చిపోతారు. ఉద్యోగం పోయినవాళ్లకి 90 రోజుల దాకా సగటు రోజు సంపాదనలో సగం ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కూడా ఈఎస్ఐలో ఉంది. గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి బ్రాంచి ఆఫీసులో అడుగు. అయితే దుష్ప్రవర్తన కింద డిస్మిస్ అయినవాళ్లకీ స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్లకీ అది రాదు.

సోమవారం గదిలోకి వెళ్లాక ఏం మాట్లాడాలని అడిగావు. ఒంటరిగా నలుగురి మధ్య కూర్చోబెడితే, ముందు మంచినీళ్లు తాగి నిదానంగా కూర్చో. వాదించకు, మిగతా ఇద్దరి మీద నేరం మోపకు. ఇది చెప్పు: "సార్, నేను సరుకు తియ్యలేదు. తేడా ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి రికార్డులు చూపిస్తే సహకరిస్తాను. ఆరోపణ ఉంటే రాతలో ఇవ్వండి, రాతలోనే జవాబిస్తాను. రాజీనామా గురించి మాట్లాడాలంటే నా సర్వీసు, నా డ్యూస్ లెక్క వేసి ఇవ్వండి, ఇంట్లో చూపించి చెబుతాను." ఎన్నిసార్లు ఒత్తిడి చేసినా ఇదే మాట మళ్లీ చెప్పు. తలుపు వేసి సంతకం పెడితేగాని పోనివ్వం అంటే గొడవపడకు, బయటికి వచ్చిన వెంటనే జరిగింది జరిగినట్టు, సమయంతో సహా, మెయిల్ రాసి హెచ్చార్‌కే పంపు. అలాగే రేపటి నుంచి డ్యూటీకి వెళ్లడం ఆపకు. "ఇంట్లో కూర్చో, ఫోన్ చేస్తాం" అని నోటితో అంటే వినకు. నువ్వు రాకపోతే రెండు వారాల తర్వాత "చెప్పకుండా గైర్హాజరయ్యాడు, ఉద్యోగం తానే వదిలేశాడు" అని లెటరు వస్తుంది. గేటు దగ్గర ఆపితే ఆ రోజే "పనికి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని మెయిల్ పెట్టు.

ఒకవేళ ఛార్జిషీటే చేతికిస్తే, తీసుకోనని వెనక్కి ఇవ్వకు. "కాపీ ముట్టింది" అని మాత్రమే రాసి తేదీ వెయ్యి. జవాబుకి రెండు మూడు రోజులే గడువిస్తారు, మొదటి రోజే పది రోజులు పొడిగించమని, ఆధారాల కాపీలు ఇవ్వమని అడుగు. ఆ తర్వాత కంపెనీ పేరు, మనుషుల పేర్లు కొట్టేసి ఆ కాగితం ఇక్కడ పెట్టు. జవాబు ఎలా రాయాలో కూర్చుని రాద్దాం.